దారిలో పడియున్నవానిని చూచినప్పుడు

ఈ వారము మాటలు ముఖ్యముగా బండి నడిపేవారి కొరకు. లారీ నడిపే అన్నా, ఆటో నడిపే తమ్ముడా, కుటుంబమును కారులో కూర్చోబెట్టుకొని ఊరు వెళ్లే అయ్యా, స్కూటీ మీద ఉద్యోగానికి వెళ్లే అమ్మా, ఇది మీ కొరకే. వెనుక సీటులో కూర్చునేవారు కూడా జాగ్రత్తగా వినండి. చాలాసార్లు "బండి ఆపండి" అని చెప్పవలసినది వెనుక కూర్చున్నవారే.

2022వ సంవత్సరములో మన దేశములో 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగాయి. ఆ ఒక్క సంవత్సరములోనే 1,68,491 మంది చనిపోయారు. లెక్క కట్టి చూడండి, రోజుకు 460 మందికి పైగా. చనిపోయినవారిలో ప్రతి వందమందికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనముల మీద వెళ్లినవారే. అంటే పాలు తేవడానికి వెళ్లినవారు, పిల్లను బడిలో దింపి వచ్చేవారు, రాత్రి డ్యూటీ ముగించుకొని ఇంటికి బయలుదేరినవారు. ఇక రెండవ సంగతి వినండి. గాయపడినవారిని ఒక గంటలోపు ఆసుపత్రిలో చేర్చగలిగితే, చనిపోయేవారిలో దాదాపు సగము మందిని బ్రతికించవచ్చునని వైద్యులు చెప్పిన మాటను లా కమిషన్ 2006లో తన 201వ నివేదికలో పేర్కొన్నది. ఆ మొదటి గంటను వైద్యులు "గోల్డెన్ అవర్" అంటారు. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినప్పుడు ఆ మాట చట్టములోకి కూడా ఎక్కింది.

ఆ గంటలో గాయపడినవాని ప్రక్కన ఎవరుంటారు? డాక్టరు ఉండడు. ఇంటివారు ఉండరు. వెనుక వచ్చే బండి నడిపేవాడు ఉంటాడు. 108 అంబులెన్సులు మన రాష్ట్రములో 2005 ఆగస్టు 15న మొదలైనవి. ఆనాడు అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఆ తరువాత దేశములో అనేక రాష్ట్రములు ఆ పద్ధతిని చేపట్టాయి. అది ఎంత మంచి సేవయైనా, అంబులెన్సు ఎక్కడనుండో బయలుదేరి రావాలి కదా. హైవే మీద ఊరికి దూరముగా ప్రమాదము జరిగితే ఎంత వేగముగా వచ్చినా కొన్ని నిమిషములు పడుతుంది. పెద్ద రక్తనాళము తెగినవాడు ఆ కొన్ని నిమిషములలోనే పోవచ్చు. మనిషి ఒంట్లో ఉండేదే సుమారు 5 లీటర్ల రక్తము. ఫోన్ చేసిన క్షణము నుండి అంబులెన్సు వచ్చే క్షణము వరకు ఉన్న ఆ ఖాళీ మీ చేతిలో ఉన్నది.

లూకా సువార్త 10వ అధ్యాయములోని ఉపమానము మీకందరికీ తెలిసినదే. అయినా బండి నడిపేవాని కళ్లతో మరలా ఒకసారి చూడండి. యెరూషలేము సముద్రమట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తున ఉన్నది. యెరికో సముద్రమట్టానికి సుమారు 250 మీటర్ల దిగువన ఉన్నది. సుమారు 27 కిలోమీటర్ల దారిలో వెయ్యి మీటర్లు దిగిపోతుంది. అది మలుపులు, లోయలు, బండలు ఉన్న ఘాట్ రోడ్డు. మొదట వచ్చిన యాజకుడు ఎందుకు ఆగలేదో వాక్యము చెప్పదు. కానీ మనము ఊహించగలము. శవమును ముట్టితే అపవిత్రుడౌతాడని యాజకునికి ధర్మశాస్త్రములో నియమమున్నది, లేవీయకాండము 21వ అధ్యాయము చూడండి. కొట్టినవారు ఆ బండల చాటునే ఉండవచ్చు. ఇతడు బ్రతికి ఉన్నాడో లేదో తెలియదు. ఆయన మనసులో ఉన్నది కరడుగట్టిన ద్వేషమే అయ్యుంటుందని నేననుకోను. అది భయమే కావచ్చు. ఆగితే ఏమౌతుందో అన్న భయము.

ఇక సమరయుడు చేసిన పనుల వరుస గమనించండి. ముందు దగ్గరకు వచ్చాడు. అక్కడే, ఆ దుమ్ములోనే గాయములకు నూనె, ద్రాక్షారసము పోసి కట్టు కట్టాడు. ఆ తరువాతనే తన వాహనము మీద ఎక్కించాడు. ముందు కట్టు, తరువాత ప్రయాణము. మన రోడ్ల మీద మనము దీనిని తలక్రిందులు చేస్తాము. నలుగురు కలిసి కాళ్లు చేతులు పట్టి లేపి, వచ్చిన మొదటి ఆటోలో కుదించి పడవేసి, "తీసుకుపో, తీసుకుపో" అని పంపిస్తాము. రక్తము దారిపొడవునా కారుతూనే ఉంటుంది.

అయితే మన భయముల సంగతి ముందు మాట్లాడుకుందాము. అది వదిలిపెట్టి గాయానికి కట్టు ఎలా కట్టాలో చెప్పి లాభము లేదు, ఎందుకంటే ఆగనివాడు కట్టు కట్టడు. ఈ విషయమై 2013లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ మన దేశములో ఒక సర్వే చేసినప్పుడు, తీవ్రముగా గాయపడినవానికి సాయము చేయడానికి ముందుకు రాలేమని నూటికి 74 మంది చెప్పారు. వారిలో ఎక్కువమంది చెప్పిన కారణము పోలీసులు, కోర్టులు.

మా సంఘములో ఇరవై ఏండ్లుగా లారీ నడిపే ఒక సహోదరుడు ఉన్నాడు. "అన్నా, దారిలో ఎవరైనా పడి ఉంటే ఆగుతావా?" అని ఆయనను అడిగాను. ఆయన ఏమీ దాచుకోలేదు. "అయ్యగారూ, కారువాడు ఆగితే సాయం చేయడానికి ఆగాడంటారు. లారీ ఆగితే గుద్దింది వీడేనంటారు" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. జనము ఎలా ఉంటారో ఆయనకు నాకంటె బాగా తెలుసు. కాబట్టి చట్టము ఏమి చెబుతుందో మొదట చెబుతాను, చట్టము చేరలేని చోట ఏమి చేయాలో తరువాత చెబుతాను.

చాలా సంవత్సరముల క్రితము ఒక స్కూటరు నడిపే మనిషిని కారు గుద్దింది. దారినపోయే ఒకాయన అతనిని దగ్గరలోని ఆసుపత్రికి తీసుకొనిపోయాడు. ఇది పోలీసు కేసు, మేము చూడము, ఇటువంటి కేసులు చూసే ఆసుపత్రి 20 కిలోమీటర్ల దూరములో ఉన్నది, అక్కడికి తీసుకుపొమ్మన్నారు. అక్కడికి చేరేలోగా అతడు మరణించాడు. ఈ వార్త పత్రికలో చదివిన పండిట్ పరమానంద కటారా గారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1989లో తీర్పు వచ్చింది. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా, ముందు ప్రాణము నిలపాలి, పోలీసుల కాగితములు తరువాత. ఏ నియమమూ ఆ బాధ్యతకు అడ్డు రాకూడదు. కాబట్టి "యాక్సిడెంట్ కేసు, మేము చేర్చుకోము" అని ఎవరైనా అంటే అది 1989లోనే కోర్టు కొట్టివేసిన మాట అని తెలుసుకోండి. గొంతు పెంచనవసరము లేదు, ఆ సంగతి నెమ్మదిగా చెప్పండి.

తీసుకువచ్చినవాని సంగతి మరి? దానికి ఇంకా చాలా కాలము పట్టింది. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. కేంద్ర ప్రభుత్వము 2015 మే నెలలో మార్గదర్శకములు ఇచ్చింది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు వాటికి దేశమంతటా చట్టమంత బలము ఇచ్చింది. తరువాత 2019 సవరణలో మోటారు వాహనముల చట్టములో 134ఏ అనే సెక్షను చేర్చారు, 2020 సెప్టెంబరులో నియమములు వచ్చాయి. ఆ సెక్షనులో సాయము చేసేవానికి పెట్టిన పేరు ఏమిటో తెలుసా? "గుడ్ సమరిటన్". మన ఆదివారపు బడి పిల్లలు చెప్పే కథలోని మనిషి పేరు ఢిల్లీలో చేసిన చట్టములో అచ్చయి ఉన్నది.

ఆ చట్టము, ఆ నియమములు మీకు ఇచ్చే రక్షణ ఇది. సద్భావముతో, స్వచ్ఛందముగా, ప్రతిఫలము ఆశించకుండా సాయము చేసినవారి మీద, ఆ సాయములో పొరపాటు జరిగి గాయపడినవాడు చనిపోయినా సరే, సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు చెప్పమని పోలీసులు బలవంతము చేయకూడదు. మీకై మీరు చెప్పదలచుకుంటే చెప్పవచ్చు. సాక్షిగా ఉంటానని మీరే ఒప్పుకుంటే, మీకు వీలైన సమయములో, మీకు వీలైన చోట మీ మాట వ్రాసుకోవాలి. మీ ఇంటికి వస్తే మామూలు దుస్తులలో రావాలి. ఆసుపత్రివారు మిమ్మును ఆపి ఉంచకూడదు, అడ్మిషన్ డబ్బు మీరు కట్టమని అడగకూడదు, మీరు బంధువులైతే తప్ప. ఈ హక్కులన్నీ ఆసుపత్రి ద్వారము దగ్గర అందరికీ కనబడేలాగున హిందీ, ఇంగ్లీషు, స్థానిక భాషలలో వ్రాసి పెట్టాలి. ఈసారి ఎవరినైనా పరామర్శించడానికి వెళ్లినప్పుడు మీ ఊరి ఆసుపత్రిలో ఆ బోర్డు ఉన్నదో లేదో చూడండి. లేకపోతే అడగండి.

డబ్బు మాట కూడా చెబుతాను, ఎందుకంటే బీదవాడు గాయపడితే చుట్టూ ఉన్నవారు మొదట ఆలోచించేది దానినే. 2025 మే 5న కేంద్ర ప్రభుత్వము ఒక పథకము ప్రకటించింది. దాని ప్రకారము రోడ్డు ప్రమాదములో గాయపడిన ప్రతి ఒక్కరికీ ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల వరకు, పథకములో ఉన్న ఆసుపత్రులలో నగదు కట్టకుండా చికిత్స చేయాలి. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ఈ పథకము మాట ఎత్తండి. గాయపడినవానిని గోల్డెన్ అవర్‌లో ఆసుపత్రికి చేర్చినవారికి 5,000 రూపాయల బహుమానము 2021లో పెట్టారు, 2025లో దానిని 25,000 చేశారు. ఇస్తే తీసుకోవడములో తప్పు లేదు. పూటకూళ్లవానికి ఇచ్చిన ఆ రెండు దేనారములు సమరయునికి ఎవరైనా తిరిగి ఇచ్చారో లేదో మనకు తెలియదు.

సరే, ఇప్పుడు రోడ్డు మీదికి వెళ్దాము. మీరు సూర్యాపేట దాటి విజయవాడ వైపు వెళ్తున్నారనుకోండి. రాత్రి పది గంటలు. ముందు ఒక మోటారు సైకిలు పడి ఉన్నది, ప్రక్కన మనిషి. మీరు చేయవలసిన మొదటి పని మీరు చావకుండా ఉండటము. పరుగెత్తి రోడ్డు మధ్యకు వెళ్లినవారిని వెనుక వచ్చే బండి గుద్దిన సంఘటనలు మన హైవేల మీద కొత్తవి కావు. బండిని రోడ్డు అంచుకు తీసి, నాలుగు ఇండికేటర్లూ వేసి, హ్యాండ్ బ్రేకు వేయండి. త్రిభుజాకారపు రిఫ్లెక్టరు ఉంటే వెనుకకు నడిచి వెళ్లి దూరముగా పెట్టండి. లేకపోతే ఒక మనిషిని సెల్‌ఫోన్ లైటుతో రోడ్డు అంచున నిలబెట్టి వచ్చే బండ్లకు ఊపమనండి. గుద్దుకున్న బండి ఇంజను ఆపివేయండి. పెట్రోలు కారుతూ ఉండవచ్చు, దగ్గరలో ఎవరినీ బీడీ వెలిగించనియ్యకండి.

తరువాత 108. హైవే మీదైతే 1033 కూడా పనిచేస్తుంది, అన్ని అత్యవసరములకు 112 ఉన్నది. అక్కడ మీరు చెప్పవలసినది: ఏ రోడ్డు, ఏ ఊరు దాటాక, కిలోమీటరు రాయి మీద ఉన్న అంకె, దగ్గరలోని పెట్రోలు బంకు లేక టోల్ గేటు, ఏ వైపు వెళ్లే దారి, ఎంతమంది గాయపడ్డారు, ఎవరైనా బండిలో ఇరుక్కొని ఉన్నారా. వారు పెట్టేయమని చెప్పేవరకు ఫోన్ పెట్టవద్దు. జనము ఉన్నప్పుడు "ఎవరైనా ఫోన్ చేయండయ్యా" అని అరిస్తే ఎవరూ చేయరు. ప్రతివాడూ ప్రక్కవాడు చేశాడనుకుంటాడు. ఒక్కరిని చూపించి, "ఎర్ర చొక్కా తమ్ముడూ, నువ్వు 108కి చెయ్యి, చేశాక నాకు చెప్పు" అనండి. వీడియో తీసేవానికి కూడా ఇదే మందు. వానికి ఒక పని అప్పగించండి, ఫోన్ జేబులోకి పోతుంది.

ఇప్పుడు గాయపడినవాని దగ్గరకు రండి. అతనితో మాట్లాడండి. "అన్నా, వినపడుతున్నదా? కదలకు, నేనిక్కడే ఉన్నాను." జవాబు చెప్పాడంటే ఊపిరి ఆడుతున్నదని అర్థము. చెప్పకపోతే మీ చెవిని అతని నోటి దగ్గర పెట్టి, కళ్లతో రొమ్ము వైపు చూడండి, లేస్తున్నదా లేదా.

రక్తము ధారగా కారుతూ ఉంటే అన్నిటికంటె ముందు దానిని చూడండి. శుభ్రమైన గుడ్డ, కండువా, చున్నీ, ఏదైనా సరే మడత పెట్టి గాయము మీద అరచేతితో గట్టిగా అదమండి. అదిమి అలాగే ఉంచండి. "ఆగిందా" అని మాటిమాటికీ తీసి చూస్తే గడ్డకట్టబోయే రక్తము మరలా మొదలౌతుంది. గుడ్డ తడిసిపోతే దానిని తీయకుండా దాని మీదనే ఇంకొక గుడ్డ వేసి అదమండి. మీ చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుంటే మీకూ క్షేమము. గాయములో ఇనుప కడ్డీ గానీ గాజు ముక్క గానీ గుచ్చుకొని ఉంటే దానిని లాగవద్దు. అదే రక్తమును ఆపి ఉంచుతూ ఉండవచ్చు. దాని చుట్టూ గుడ్డలు పెట్టి కదలకుండా చేయండి.

చేయి లేక కాలి నుండి రక్తము చిమ్ముతూ, ఎంత అదిమినా ఆగకపోతే, అప్పుడు మాత్రమే బిగింపు కట్టు కట్టాలి. గాయానికి పైన, నాలుగు వేళ్ల దూరములో, మోకాలి మీద మోచేతి మీద కాకుండా, వెడల్పాటి గుడ్డ చుట్టి ముడివేసి, ఆ ముడిలో ఒక కర్ర పెట్టి రక్తము ఆగేవరకు మెలిత్రిప్పాలి. సన్నని తాడు, తీగ వాడవద్దు, కండను కోస్తుంది. కట్టిన సమయము కాగితము మీద గానీ అతని నుదుటి మీద పెన్నుతో గానీ వ్రాయండి. ఆసుపత్రికి చేరేవరకు దానిని వదులు చేయవద్దు.

స్పృహ లేకుండా వెల్లకిలా పడియున్నవానికి రక్తము కారకపోయినా ప్రమాదమే. నాలుక వెనుకకు పడి గొంతుకు అడ్డము వస్తుంది. వాంతి అయితే ఊపిరితిత్తులలోకి పోతుంది. పైకి చిన్న దెబ్బలే కనబడుతూ, ఊపిరి ఆడక చనిపోయినవారు ఎందరో. ఊపిరి తీసుకుంటూ ఉండి గొరగొర శబ్దము వస్తున్నా, వాంతి అవుతున్నా, ఒకరు తలను మెడను రెండు చేతులతో పట్టుకొని, ఇద్దరు ముగ్గురు భుజము, నడుము, కాళ్లు పట్టుకొని, దుంగను దొర్లించినట్లు అందరూ ఒక్కసారే ప్రక్కకు త్రిప్పాలి. నోరు నేల వైపు వంగి ఉంటే రక్తము, వాంతి బయటికి కారిపోతాయి. ఊపిరి లేనేలేకపోతే రొమ్ము మధ్యలో రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి పెట్టి, 5 సెంటీమీటర్ల లోతు దిగేలాగున, నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. ఇది రేడియోలో విని నేర్చుకునే పని కాదు. భారత రెడ్ క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ వంటి సంస్థలు బొమ్మ మీద చేయించి నేర్పిస్తాయి. మన యూత్ రిట్రీట్లలో ఒక పూట ఆటలు తగ్గించి వారిని పిలవమని యౌవనస్థుల నాయకులకు నా మనవి. సంఘములోని డ్రైవర్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి.

ఇక నీళ్లు. మన దేశములో ఎవరు పడినా మొదట వినబడే కేక "నీళ్లు తెండి, నీళ్లు తాగించండి". ప్రేమతోనే అంటారు, సందేహము లేదు. కానీ స్పృహ సరిగా లేనివాని నోట్లో పోసిన నీరు ఊపిరితిత్తులలోకి పోతుంది. స్పృహ ఉన్నవానికైనా లోపల ప్రేగులకు దెబ్బ తగిలి ఉండవచ్చు. వెంటనే ఆపరేషను అవసరమైతే మత్తు ఇచ్చేటప్పుడు కడుపులో ఉన్నది పైకి వచ్చే అపాయమున్నది. దాహమని అడిగితే పెదవులు తడిగుడ్డతో తుడవండి, అంతే. సోడా, టీ, బ్రాందీ ఏదీ వద్దు. ఫిట్సు వస్తే చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టడము, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టడము వల్ల ఏ ఉపయోగమూ లేదు, నోట్లో చెంచా పెడితే పండ్లు విరుగుతాయి. తల దగ్గర ఉన్న రాళ్లు తీసివేసి, అది ఆగాక ప్రక్కకు త్రిప్పండి.

హెల్మెట్ కూడా అంతే. ఊపిరి ఆడుతున్నంతవరకు దానిని లాగవద్దు, అద్దము మాత్రము పైకెత్తి, ఊపిరికి అడ్డమైతే గడ్డము క్రింద పట్టీ వదులు చేయండి. మెడ ఎముక విరిగి ఉంటే ఒక్క కుదుపుతో మనిషి జీవితాంతము మంచము పట్టవచ్చు. ఊపిరి ఆడక తీయక తప్పకపోతే ఇద్దరు కావాలి, ఒకరు మెడను కదలకుండా పట్టాలి, ఇంకొకరు నెమ్మదిగా తీయాలి. అలాగే పడినవానిని లేపి కూర్చోబెట్టవద్దు, నడిపించవద్దు. బండికి నిప్పు అంటుకున్నప్పుడు, నీటిలో మునుగుతున్నప్పుడు, ఇంకొక బండి గుద్దే అపాయమున్నప్పుడు మాత్రము మెడ సంగతి తరువాత, ముందు లాగివేయవలసిందే. అంబులెన్సు రాదని తేలినప్పుడు కూడా మీ బండిలోనే తీసుకుపోవాలి. అప్పుడు బల్ల, తలుపు చెక్క, ఏదైనా బల్లపరుపుగా ఉన్నదాని మీద పడుకోబెట్టి ఎక్కించండి. ట్రాలీ ఆటో, లారీ తొట్టి, చిన్న ఆటోలో కుదించడము కంటె నయము. మన కూటములకు ట్రాక్టర్లలో వెళ్లే సంఘములు ఒక పాత దుప్పటి, ఒక బల్ల అందులో వేసుకొని వెళ్లినా మంచిదే. వణుకుతూ, ఒళ్లు చల్లబడుతూ ఉన్నవానికి ఆ దుప్పటి కప్పండి. వేలు గానీ చేయి గానీ తెగిపడితే శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతికట్టి, ఆ సంచిని మంచుగడ్డలు వేసిన నీటిలో పెట్టి మనిషితోపాటు పంపండి. మంచు నేరుగా తగలకూడదు.

ఇంతవరకు దారిన పోయేవాని సంగతి చెప్పాను. ఇప్పుడు కష్టమైన మాట. గుద్దినది మీ బండే అయితే? చట్టములోని 134వ సెక్షను ప్రకారము గాయపడినవానిని దగ్గరలోని డాక్టరు దగ్గరకో ఆసుపత్రికో చేర్చడానికి మీరు చేయగలిగినదంతా చేయాలి, 24 గంటలలోపు దగ్గరలోని పోలీసు స్టేషనులో తెలియజేయాలి. చేయకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయితే జనము మీదపడి కొడతారన్న పరిస్థితి ఉంటే ఆగి చికిత్స చేయించలేకపోవడమును ఆ సెక్షను అర్థము చేసుకుంటుంది. ఆ మాట చట్టములోనే ఉన్నది. 2024 జనవరిలో లారీ డ్రైవర్లు దేశమంతటా సమ్మె చేసినది ఈ భయము వలననే. గుద్ది చెప్పకుండా పోయినవానికి పది సంవత్సరముల వరకు శిక్ష అన్న కొత్త నిబంధనకు వారు ఎదురు తిరిగారు. ఆ ఏడు జూలై 1న కొత్త న్యాయసంహిత అమలులోకి వచ్చినప్పుడు ఆ ఒక్క నిబంధనను ప్రక్కన పెట్టారు.

డ్రైవరు సహోదరులకు నేను చెప్పేది ఇది. అక్కడనుండి తొలగిపోవలసి వచ్చినా, ఆ మనిషిని వదిలిపెట్టవద్దు. క్లీనరు చేత 108కి ఫోన్ చేయించండి. నేరుగా పోలీసు స్టేషనుకు బండి తోలండి. ఎదురుగా వచ్చే బస్సును ఆపి చెప్పండి. మా సంఘములోని ఆ లారీ సహోదరునికి కూడా చివరకు నేను చెప్పినది ఇదే. "నీవు గుద్దకపోయినా లారీ చూసి నిన్నే అనుమానిస్తారని భయముంటే, మొదట ఫోన్ చెయ్యి, తరువాత ఇంకొక బండి ఆగేవరకు లైట్లు వేసి ఆగు, ఇద్దరూ కలిసి దిగండి." ఆయన కాసేపు ఆలోచించి, "ఫోన్ అయితే తప్పక చేస్తానయ్యగారూ" అన్నాడు. ఆగుతానని మాట ఇవ్వలేదు. నేను బలవంతము చేయలేదు. ఆ ఒక్క ఫోన్ కూడా లేక రోడ్డు మీద గంటల తరబడి పడియున్నవారు ఉన్నారు.

చివరిగా ఒక పని ఉన్నది, దానిని ఎవరూ నేర్పించరు. గాయపడినవాని ఇంటికి కబురు చెప్పడము. అతని ఫోన్ లాక్ అయి ఉన్నా, చాలా ఫోన్లలో అత్యవసర సమాచారము అన్నచోట నొక్కితే ఇంటివారి నంబరు కనబడుతుంది. అది పెట్టుకోనివారు ఈరోజే పెట్టుకోండి. లేదా కాసేపు ఆగండి, ఇంటినుండే ఫోన్ వస్తుంది, ఎత్తండి. కేకలు వేయకుండా, నెమ్మదిగా మాట్లాడండి. మొదట "మీ ప్రక్కన ఎవరైనా ఉన్నారా అమ్మా" అని అడగండి. తరువాత జరిగినది, జరిగిన చోటు, ఏ ఆసుపత్రికి తీసుకువెళ్తున్నారో చెప్పి, ఆసుపత్రి పేరు రెండుసార్లు పలకండి, వారి చేత ఒకసారి తిరిగి చెప్పించండి. బ్రతుకుతాడు, బ్రతకడు అన్న మాటలు మీరు చెప్పవద్దు, అది డాక్టరు చెప్పేది. మీరు చూసినది మాత్రము చెప్పండి: మాట్లాడుతున్నాడు, లేదా ఊపిరి ఆడుతున్నది, అంబులెన్సు ఎక్కించాము. తొందరపడి బండి వేగముగా నడపవద్దని, వేరెవరినైనా నడపమని చెప్పండి. ఫోన్, పర్సు, తాళములు, ఒంటిమీది బంగారము ఉంటే అది, అంబులెన్సు సిబ్బందికి గానీ పోలీసులకు గానీ నలుగురి ఎదుట అప్పగించి, ఎవరికి ఇచ్చారో ఆ ఇంటివారికి చెప్పి, తరువాత మీ దారిన వెళ్లండి.